బగ్గీ చక్రాల బురద

మెట్ల కింద అరలో మడిచిపెట్టిన పాత బగ్గీని, అంటే పిల్లల తోపుడు బండిని, బయటికి లాగితే ముందు రాలేది ఎండిన మట్టి. డెవన్‌లో తిరిగిన బండి అయితే ఎర్రమట్టి. పీక్ డిస్ట్రిక్ట్ సున్నపురాయి దారుల్లో తిరిగిందైతే తెల్లటి పొడి. లేక్ డిస్ట్రిక్ట్ అయితే ఇరుసుకు చుట్టుకున్న గడ్డిపోచలు, వాటితోపాటు ఒకటో రెండో గొర్రెబొచ్చు పోగులు. ఇంగ్లండులో పిల్లల్ని పెంచిన మన కుటుంబాలకు పిల్లల ఏడాదిన్నర, మూడేళ్ళ వయసు మధ్య రోజులు ఫొటోల్లో కంటే ఈ మట్టిలోనే ఎక్కువ మిగిలుంటాయి.

ఆ వయసు సంగతి తెలిసిందే. ఎత్తుకుంటే దింపమంటారు, దింపితే ఎత్తుకోమంటారు. బరువేమో పన్నెండు కిలోలు. నడక గంటకు అరమైలు, అదీ దారిలో గులకరాళ్ళు తక్కువుంటేనే. కాట్స్‌వల్డ్స్‌లో నాలుగు ఊళ్ళు ఒకే రోజు తిప్పే టూరు లెక్కలు ఇక్కడ చెల్లవు. రోజుకు ఒక ఊరు, ఆ ఊళ్ళో ఒక మైలు, ఎక్కడో ఒకచోట బాతులు. ఈ కొలతకు ఇంగ్లండు పల్లెలు కుట్టించినట్టు సరిపోతాయి.

బోర్టన్-ఆన్-ద-వాటర్ చూడండి. ఊరి మధ్యలోంచి విండ్రష్ నది పారుతుంది. నది అనడమే కానీ చాలాచోట్ల పెద్దవాళ్ళకు మోకాలి లోతు కూడా ఉండదు. ఒడ్డున కంచె లేదు, కాబట్టి చెయ్యి వదలకూడదు. అక్కడి మోడల్ విలేజ్ 1937లో తెరిచారు. ఆ ఊరినే తొమ్మిదో వంతు కొలతలో రాతితో కట్టారు. ఇళ్ళ కప్పులు రెండేళ్ళ పిల్ల కళ్ళకు దాదాపు సమానంగా వస్తాయి. ఆ బుల్లి ఊళ్ళో మళ్ళీ ఒక బుల్లి మోడల్ ఊరు, అందులో ఇంకొకటి. పెద్దవాళ్ళు అది చూసి మురిసిపోతుంటే పిల్లలు మాత్రం పక్కనున్న కంకర ఏరుకుంటూ కూర్చుంటారు. లండన్ దగ్గర బీకన్స్‌ఫీల్డ్‌లోని బెకన్‌స్కాట్ ఇంకా పాతది, 1929 నాటిది. అక్కడ బుల్లి రైళ్ళు తిరుగుతాయి కాబట్టి కంకర జోలికి పోరు. రెండిట్లో ఒక్కదానికే తీరిక ఉంటే, ఈ వయసుకు బెకన్‌స్కాటే మేలు.

బాతులకు రొట్టె ముక్కలు వేసే కాలం పోయింది. రొట్టె వాటి కడుపు నింపుతుంది కానీ బలమివ్వదు, తినగా మిగిలింది నీటిలో కుళ్ళుతుంది. ఓట్స్, కరిగిన ఫ్రోజెన్ బఠాణీలు, స్వీట్‌కార్న్ గింజలు చిన్న డబ్బాలో వేసుకెళ్ళాలి. డబ్బాలో సగం పిల్లలే తింటారు, కాబట్టి కాస్త ఎక్కువే పెట్టుకోవాలి.

రైళ్ళ విషయంలో చాలామంది మొదటి ఏడాదంతా డబ్బు పోగొట్టుకునే చోటు ఒకటుంది. అయిదేళ్ళలోపు పిల్లలకు టికెట్ అక్కర్లేదు. అది నిజమే. కానీ ఫ్యామిలీ అండ్ ఫ్రెండ్స్ రైల్‌కార్డ్ తగ్గింపు రావాలంటే గుంపులో కనీసం ఒక పిల్లల టికెట్ కొని ఉండాలి. పెద్దవాళ్ళకు మూడో వంతు, పిల్లలకు 60 శాతం తగ్గుతుంది. ఇద్దరు పెద్దవాళ్ళ టికెట్లు చెరి 40 పౌండ్లు అనుకుందాం. పిల్లకు ఉచితమే కదా అని వదిలేస్తే 80 పౌండ్లు. ఆ ఉచిత ప్రయాణికురాలికే ఒక పిల్లల టికెట్ (పెద్దవాళ్ళలో సగం, 20 పౌండ్లు) తీసి కార్డు వాడితే మొత్తం 61 పౌండ్ల చిల్లర. పైగా రిజర్వేషన్ ఉన్న రైళ్ళలో పిల్లకంటూ ఒక సీటు తీసుకోవచ్చు. ఉచితంగా వెళ్ళే పిల్ల రద్దీలో సీటు ఖాళీ చేయాల్సిందే మరి. లండన్, ఆగ్నేయ ప్రాంతాల్లో పనిరోజుల ఉదయం రద్దీ వేళల్లో ఆ కార్డు చెల్లదని మాత్రం గుర్తుంచుకోవాలి.

స్టేషన్లలో అసలు పరీక్ష పెట్టేది పాదచారుల వంతెన. చిన్న ఊళ్ళ స్టేషన్లలో లిఫ్టు ఉండకపోవచ్చు. వెళ్ళేటప్పుడు ఊరివైపు ప్లాట్‌ఫాం మీద హాయిగా దిగుతాం, తిరుగు ప్రయాణానికి అవతలి ప్లాట్‌ఫాం ఎక్కాల్సి వచ్చినప్పుడు ముప్పై మెట్లు ఎదురవుతాయి. నేషనల్ రైల్ వెబ్‌సైటులో ప్రతి స్టేషనుకూ మెట్లు లేని దారి ఉందో లేదో రాసి ఉంటుంది. చూసుకోవాల్సింది తిరుగు ప్రయాణం ప్లాట్‌ఫాం గురించి. ఆదివారాలైతే ట్రాక్ మరమ్మతులని చెప్పి రైలుకు బదులు బస్సు వేస్తారు. అందులో బగ్గీ మడిచి కింద సామాన్ల అరలో పెట్టాలి. నిద్రపోతున్న పిల్లని లేపి మరీ. అందుకే పల్లె ప్రయాణాలు శనివారం వెళ్ళి సోమవారం రావడమే నయం.

ఇప్పటివాళ్ళకు తెలియదు కానీ, పెద్ద స్టేషన్లలో టాయిలెట్‌కు వెళ్ళాలంటే గేటులో చిల్లర వేయాల్సిన రోజులుండేవి. డైపరు మాన్పిస్తున్న పిల్లని చంకలో పెట్టుకుని 20 పెన్నీల నాణెం కోసం జేబులు వెతకడం ఆ తరం తల్లిదండ్రులందరి ఉమ్మడి జ్ఞాపకం. నెట్‌వర్క్ రైల్ నడిపే స్టేషన్లలో 2019లో ఆ రుసుము ఎత్తేశారు. బస్సులదీ అంతే. 2023 జనవరి నుంచి రెండేళ్ళపాటు ఇంగ్లండులో చాలా బస్సుల్లో ఏ ప్రయాణమైనా 2 పౌండ్లు దాటేది కాదు. 2025లో ఆ పరిమితి మూడయింది. బస్సులో బగ్గీ పెట్టుకునే ఖాళీ జాగా మీద మొదటి హక్కు వీల్‌చెయిర్‌ది. ఆ తగువు అక్కడి సుప్రీంకోర్టు దాకా వెళ్ళి, 2017లో తీర్పు వచ్చింది. కాబట్టి ఒంటిచేత్తో మడవగలిగే బండి ఉండాలి. కొట్లో కొనేటప్పుడే ఒక చంకలో అయిదు కిలోల బియ్యం సంచి పెట్టుకుని మడిచి చూడడం తెలివైన పని.

యార్క్ గురించి ఒక్క మాట. కోటగోడల మీద నడక బగ్గీతో కుదరదు. ఎక్కడానికి మెట్లు, పైన కొన్నిచోట్ల పిట్టగోడ కూడా లేదు. స్టేషన్ వెనకే ఉన్న నేషనల్ రైల్వే మ్యూజియానికి పోతే ప్రవేశం ఉచితం. 1938లో గంటకు 126 మైళ్ళు పరుగెత్తిన మాలార్డ్ ఇంజను అక్కడే ఉంది. నీలిరంగు, నున్నటి ముక్కు. ఎక్కి తిరగగలిగే రైలు కావాలంటే సెవర్న్ వ్యాలీ రైల్వే, కిడ్డర్‌మిన్‌స్టర్ నుంచి బ్రిడ్జ్‌నార్త్ దాకా 16 మైళ్ళు. పొగబండి కూత దగ్గర్నుంచి వింటే సగంమంది పిల్లలు దడుచుకుంటారు. మొదటిసారి ఇంజనుకు దూరంగా, వెనక పెట్టెల దగ్గర నిలబెట్టాలి.

పొలం దారుల దగ్గరికి వద్దాం. బగ్గీకి అసలు యుద్ధభూమి అదే.

ఇంగ్లండులో ఎవరి పొలంలోంచైనా నడిచే హక్కున్న దారులు వేల మైళ్ళున్నాయి. పసుపు బాణం గుర్తు కాలిబాటది. నీలి బాణం బ్రిడిల్‌వేది, అంటే గుర్రాలు కూడా పోగల దారి. బగ్గీ తోసేవాళ్ళు నేర్చుకోవాల్సిన మొదటి పాఠం ఈ రంగుల తేడా. కాలిబాట మీద కంచె అడ్డొస్తే స్టైల్ అనే చెక్కమెట్లు ఉంటాయి. ఎక్కి దాటాలి. గుర్రం మెట్లెక్కదు కదా, అందుకని నీలి బాణం దారిలో గేట్లే ఉంటాయి. లాభం అది. నష్టమేమిటంటే వానాకాలంలో గిట్టలు తొక్కిన చోటల్లా బురద గుంటలే. మేలో, జూన్‌లో నీలి బాణం. నవంబరులో ఏ బాణమూ వద్దు, తారు వేసిన దారి చూసుకోండి.

కిస్సింగ్ గేట్ అని ఇంకో రకం ఉంది. అర్ధచంద్రాకారపు కంచె మధ్య ఊగే గేటు. మనిషి పడతాడు, ఆవు పట్టదు, బగ్గీ సగం పట్టి ఇరుక్కుంటుంది. బండిని పైనుంచి దాటించాలంటే ఒక వరుస ఉంది. ముందు హ్యాండిల్‌కు తగిలించిన సంచి తీయాలి. తర్వాతే పిల్లని దించాలి. ఈ వరుస తప్పితే పిల్ల బరువు పోగానే సంచి బరువుకు బండి వెనక్కి తిరగబడుతుంది, ఫ్లాస్కు పగులుతుంది. ఆపైన ఒకరు అవతల, ఒకరు ఇవతల నిలబడి, ముందు చక్రం ఇరుసును ఒకరు, హ్యాండిల్‌ను ఒకరు పట్టుకుని ఎత్తాలి. పాదాలు పెట్టే ప్లాస్టిక్ పలకను పట్టుకుని ఎత్తితే అది ఊడి చేతికొస్తుంది.

ఈ బాధలేవీ లేని దారులు కావాలంటే లేక్ డిస్ట్రిక్ట్ నేషనల్ పార్క్ వాళ్ళు 'మైల్స్ విదౌట్ స్టైల్స్' పేరుతో ఎంపిక చేసినవి ఉన్నాయి. వీల్‌చెయిర్లకు, బగ్గీలకు పనికొచ్చేవి. టార్న్ హౌస్ చెరువు చుట్టూ దారి అందులో ఒకటి, రెండు మైళ్ళలోపే. కెజిక్ నుంచి థ్రెల్‌కెల్డ్ దాకా పాత రైలుకట్ట మీది దారి మూడు మైళ్ళు. 2015 తుపానులో వంతెనలు కొట్టుకుపోతే 2020లో మళ్ళీ తెరిచారు. పీక్ డిస్ట్రిక్ట్‌లో మోన్సాల్ ట్రెయిల్ కూడా అలాంటిదే, ఎనిమిదిన్నర మైళ్ళు. పాత రైలు సొరంగాలు 2011 నుంచి నడకకు తెరిచారు. లోపల దీపాలున్నా వేసవిలోనూ చలిగాలి, పైనుంచి నీటి చుక్కలు. పిల్లకు స్వెట్టరు తొడిగాకే లోపలికి. ఇక ఆ సొరంగంలో ఒకసారి 'ఓయ్' అని అరవడం నేర్పితే మిగతావాటిల్లో మనం మాట్లాడుకునే పని లేదు.

గాలి టైర్ల మూడు చక్రాల బండికి ముళ్ళ బెడద ఒకటుంది. పక్షులు గూళ్ళు కట్టే మార్చి నుంచి ఆగస్టు దాకా రైతులు పొలం గట్ల మొక్కల కంచెలు కత్తిరించరు. సెప్టెంబరు రాగానే యంత్రాలు దిగుతాయి. హాథార్న్ ముళ్ళు దారంతా పరుచుకుంటాయి. శరత్కాలపు పంక్చర్లకు కారణం అదే. ట్యూబు మార్చేముందు టైరు లోపలివైపు వేలితో మెల్లగా తడిమి ముల్లు తీసేయాలి. లేకపోతే కొత్త ట్యూబు పది నిమిషాలు కూడా నిలవదు.

పిల్లని వీపున మోసే ఫ్రేము సంచీలు కొండదారికి మంచివే. కాకపోతే మోసేవాడికి చెమటలు పడుతుంటే వెనకున్న పిల్ల కదలకుండా కూర్చుని చల్లబడిపోతుంది. మన ఒంటి వేడిని బట్టి పిల్లకు బట్టలు వేయకూడదు. పావుగంటకోసారి పాదాలు, మెడ ముట్టుకుని చూడాలి. వాన సూటు ప్యాంటు అంచు బూట్ల బయటే ఉండాలి, అడుగున ఎలాస్టిక్ పట్టీ తగిలించాలి. బూట్ల లోపలికి దోపితే వాననీరు నేరుగా బూట్లోకి జారుతుంది. దారి పక్కన నెటిల్ మొక్కలుంటాయి, మన దూలగొండిలాగే మంట పుట్టిస్తాయి. పెద్దవాళ్ళకు మోకాలి దగ్గర తగిలేది పిల్లకు మొహానికి తగులుతుంది. బ్రాకెన్ అనే ఫెర్న్ పొదల్లో ఆడితే రాత్రి స్నానం చేయించేటప్పుడు మోకాళ్ళ వెనక, చంకల్లో, జుట్టు అంచున పిడుదులున్నాయేమో వెతకాలి. ఉంటే సన్నని చిమటాతో చర్మానికి ఆనించి పట్టి, తిప్పకుండా తిన్నగా లాగాలి.

ఫోన్ సిగ్నల్ లోయల్లో పోతుంది. అప్పుడు కాగితం మ్యాపే దిక్కు. ప్రభుత్వ పటాల సంస్థ ఆర్డ్‌నెన్స్ సర్వే వాళ్ళ నారింజరంగు ఎక్స్‌ప్లోరర్ మ్యాపులో కాలిబాట పొట్టి ఆకుపచ్చ గీతల వరుస, బ్రిడిల్‌వే పొడుగు గీతల వరుస. మడతల దగ్గర చిరిగి, పిల్లలు నమిలిన మూలలతో ఒక్కో ఇంట్లో అవి ఇంకా ఉన్నాయి.

కాలువల దగ్గర మాత్రం తెలుగువాళ్ళకు ఒక అనుకూలత ఉంది. 'లాకులు' అనే మాట గోదావరి, కృష్ణా డెల్టాల్లో చిన్నపిల్లలకు కూడా తెలుసు. ఇంగ్లండు కాలువల్లోనూ అవే లాకులు. లెస్టర్‌షైర్‌లోని ఫాక్స్‌టన్‌లో పది లాకులు మెట్లలా ఉంటాయి. విల్ట్‌షైర్‌లో డివైజెస్ దగ్గర కేన్ హిల్ వరసలో 29, వాటిలో 16 ఒకే తిన్నని వాలులో. పడవవాళ్ళు చేతి మరతో తూము ఎత్తుతారు, నీరు సుళ్ళు తిరుగుతూ వస్తుంది, పడవ నెమ్మదిగా పైకి లేస్తుంది. ఒక్కో లాకుకు పది, పదిహేను నిమిషాలు. రెండేళ్ళ పిల్ల కన్నార్పకుండా చూసే సినిమా అదొక్కటే. కాలువ గట్టు చదునుగా ఉంటుంది, బండికి సుఖం. కానీ అంచున గోడ గానీ కంచె గానీ ఉండదు. నడుముకు కట్టే పట్టీ చేతిలో ఉండాల్సిందే. లాకు తలుపుకు ఉన్న పెద్ద దూలాన్ని వెనక్కి నెట్టి తలుపు తెరుస్తారు. ఆ దూలం తిరిగే అర్ధచక్రం లోపల బగ్గీ ఆపకూడదు. నేల మీద ఇటుకల వరస కనిపిస్తుంది, దానికి బయటే నిలబడాలి.

ఊరి నుంచి అమ్మమ్మో తాతయ్యో వచ్చినప్పుడు, అందులోనూ గోదావరి జిల్లాలవాళ్ళయితే, లాకుల మాట నుంచి కాటన్ దొర మాట రాకుండా ఉండదు. ధవళేశ్వరం ఆనకట్ట కట్టించిన సర్ ఆర్థర్ కాటన్ 1899లో సర్రే జిల్లా డోర్కింగ్‌లో పోయారు. సమాధి ఆ ఊరి శ్మశానంలోనే ఉంది. లండన్ నుంచి రైల్లో గంటలోపు ప్రయాణం. పెద్దవాళ్ళు పూలు పెట్టి రెండు నిమిషాలు నిలబడతారు. పిల్లలకు ఆ రోజు వేరే ఆకర్షణ ఉంది. పక్కనే బాక్స్ హిల్ కింద మోల్ నదిలో అడుగురాళ్ళు. పెద్దవాళ్ళు ఒక్కో రాయి మీద అడుగేసి దాటొచ్చు. పిల్లని ఎత్తుకుని మాత్రం వద్దు, వాన తర్వాత రాళ్ళు జారతాయి. కొద్ది దూరంలో నడకవంతెన ఉంది.

తిండి దగ్గర తప్పేది వంటకం కంటే ఎక్కువగా గడియారమే. పల్లె పబ్బుల్లో చాలావాటి వంటగది మధ్యాహ్నం రెండున్నరకు మూసేసి మళ్ళీ సాయంత్రం ఆరుకు తెరుస్తారు. టీ కొట్లు నాలుగింటికి కుర్చీలు బోర్లిస్తాయి. పిల్ల కునుకు పన్నెండున్నర నుంచి రెండున్నర. ఈ రెండూ ఒకదానిమీదొకటి పడితే పెద్దవాళ్ళకు మిగిలేది పెట్రోల్ బంకు శాండ్‌విచ్. వంటగది తెరిచే పన్నెండింటికే బల్ల దగ్గర ఉండి, కూర్చోకముందే పిల్ల భోజనం చెప్పేయాలి. చేపలు, చిప్స్ తీసుకుంటే పొట్లం కట్టకముందే ఉప్పు వద్దని చెప్పాలి. మూడేళ్ళలోపు పిల్లకు రోజంతటికీ 2 గ్రాముల ఉప్పు మించకూడదు. ద్రాక్షపళ్ళు పొడుగ్గా నాలుగు ముక్కలు కోసి పెట్టాలి. గుండ్రంగా అడ్డంగా కోస్తే గొంతులో అడ్డం పడే ఆకారం అలాగే ఉంటుంది.

ఇక పెరుగన్నం. మన ఊళ్ళో ప్రయాణానికి అన్నంలో పాలు పోసి ఒక చెంచా పెరుగు కలిపితే మధ్యాహ్నానికి కమ్మగా తోడుకుంటుంది. ఇంగ్లండు చలిలో అది సాయంత్రానికి కూడా పాలన్నంలాగే ఉంటుంది. నేరుగా పూర్తి వెన్న ఉన్న నేచురల్ యోగర్ట్ కలపాలి. గ్రీక్ రకమైతే మరీ గట్టి, పాలతో పల్చన చేయాలి. అన్నం వండిన గంటలోపు చల్లార్చి ఫ్రిజ్‌లో పెట్టి, పొద్దున్నే కలిపి, ఐస్ ప్యాక్ పక్కన సర్దాలి. గోరువెచ్చటి అన్నం గంటల తరబడి డబ్బాలో మగ్గితే కడుపు పాడుచేసే సూక్ష్మజీవులు పెరుగుతాయి. వేడన్నమే కావాలంటే ఫ్లాస్కులో ముందు మరుగునీళ్ళు పోసి పది నిమిషాలుంచి పారబోశాక పొగలు కక్కే అన్నం నింపాలి.

బస చేసే కాటేజీల్లో నాలుగింటికి తాళం ఇస్తారు, ఉదయం పదింటికి ఖాళీ చేయమంటారు. బుక్ చేసేటప్పుడే అడగాల్సినవి: మెట్లకు గేటుందా, తోటలో నీళ్ళ గుంట ఉందా, వంటింట్లో ఆగా పొయ్యి ఉందా. పాత రకం ఆగా రోజంతా వేడిగానే ఉంటుంది, ఆర్పరు. పాత ఇళ్ళ మెట్లు నిచ్చెనంత నిటారు. పిల్లల మంచం ఇస్తారు కానీ దాని దుప్పట్లు సాధారణంగా మనవే. జూన్‌లో ఉత్తర ఇంగ్లండులో పొద్దు గూకేసరికి రాత్రి 9:40 అవుతుంది, తెల్లవారేది 4:40 ప్రాంతంలో. చందమామను చూపించి అన్నం పెట్టడం కుదరని దేశం అది. వెలుతురు ఆపాలంటే కిటికీ అద్దం మీద నీళ్ళు చిలకరించి వంటింటి ఫాయిల్ అతికిస్తే నిలుస్తుంది, వెళ్ళేటప్పుడు చక్కగా ఊడొస్తుంది.

డెవన్, కార్న్‌వాల్‌లలో కారు దారులు ఒక్క బండి పట్టేంత, రెండువైపులా మనిషికంటే ఎత్తైన మట్టిగట్లు. బయటికేమీ కనబడక మలుపుల్లో పిల్లకు వాంతి అవుతుంది. పాలు తాగించిన వెంటనే బయల్దేరకూడదు. సీటు పట్టీలు పాడైతే వాషింగ్ మెషీన్‌లో వేయొద్దు, పట్టీల బలం పోతుంది. గోరువెచ్చటి సబ్బునీళ్ళ గుడ్డతో తుడవడమే. చలికాలం ఉబ్బు కోటు విప్పాకే పట్టీలు బిగించాలి. కోటు మీద బిగుతుగా అనిపించేది నిజానికి వదులు. కోటును తిరగేసి దుప్పటిలా పైన కప్పవచ్చు.

సముద్రం వైపు వెళితే, నార్తంబర్లాండ్‌లోని హోలీ ఐలాండ్ రోడ్డు రోజుకు రెండుసార్లు పోటులో మునుగుతుంది. దాటే వేళల పట్టిక చూసి, చివరి వేళకు గంట ముందే బయల్దేరాలి. ఆ గంట బూట్లు తొడిగించడానికే సరిపోతుంది.

బండి అవసరం తీరాక దాన్ని చారిటీ షాపుకు ఇచ్చేవాళ్ళే ఎక్కువ. కారు సీటును మాత్రం చాలా షాపులు తీసుకోవు, గతంలో ప్రమాదానికి గురైందేమో తెలియదు కాబట్టి. బగ్గీ ఇచ్చేముందు చక్రాలు కడగాలి, బ్రేకు చూడాలి. సీటు కింద బుట్టను తిరగేసి దులపాలి. పైన్ కాయలు రెండు, ఒక చిన్న మేజోడు, ఎండిన బఠాణీలు, మోడల్ విలేజ్ నుంచి ఎవరికీ చెప్పకుండా తెచ్చుకున్న కంకర రాళ్ళు.